హేమంతంలో కుంగిన మనస్సు తమోగుణమేనా?



ధనుస్సంక్రమణంతో మన ఊళ్ళలో తిరుప్పావై గోష్ఠులు, ప్రాతఃకాల నివేదనలు ఆరంభమవుతాయి. ఆ దినాలలోనే ఉత్తర అమెరికాలోను, ఇంగ్లాండులోను నివసించే తెలుగువారి గృహాల నుండి మరొక విధమైన ఆవేదన వినవస్తుంది. ఉదయం మెలకువ రావడం లేదు. ఎంత నిద్రించినా తృప్తి లేదు. జపానికి కూర్చుంటే మనస్సు శిలవలె ఉంటున్నది. వేసవిలో లేని ఈ జడత్వం శీతకాలంలోనే ఎందుకు ఆవరిస్తున్నది? దీనికి పెద్దల నుండి లభించే సమాధానం సాధారణంగా ఒక్కటే: తమోగుణం ప్రబలింది, నామజపం పెంచుకో. ఈ సమాధానం అసంపూర్ణమనీ, కొందరి విషయంలో హానికరమనీ నా నిశ్చితాభిప్రాయం.

ఏటా శీతకాలంలో ప్రవేశించి వసంతంలో తొలగిపోయే ఈ విషాదస్థితిని 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు ఒక వైద్యపత్రంలో వర్ణించారు. నేటి మనోవైద్యశాస్త్రం దీనిని ఋతుక్రమాన్ని అనుసరించి పునరావృతమయ్యే డిప్రెషన్‌గా పరిగణిస్తున్నది. అతినిద్ర, తీపి పదార్థాలపై, పిండివంటలపై అదుపులేని వాంఛ, బరువు పెరగడం, జనసాంగత్యంపై విముఖత దీని లక్షణాలు. కంటి ద్వారా ప్రవేశించే ప్రాతఃకాంతి దేహంలోని నిద్రా జాగరణ లయను ప్రతిదినం సవరిస్తూ ఉంటుంది. ఆ కాంతి ఆలస్యమైతే లయ కూడా వెనుకబడుతుంది.

డిసెంబరు మూడవ వారంలో విజయవాడలో పగటి నిడివి సుమారు 11 గంటలు. లండన్‌లో 8 గంటలైనా ఉండదు. విజయవాడలో ఆరున్నర ప్రాంతంలో ఉదయించే సూర్యుడు లండన్‌లో ఎనిమిది దాటాక గానీ దర్శనమివ్వడు. బ్రాహ్మీముహూర్తం గడియారంలోని అంకెను బట్టి కాక సూర్యోదయాన్ని బట్టి నిర్ణయమయ్యే కాలం. విజయవాడ అలవాటు చొప్పున లండన్‌లో నాలుగున్నరకు లేవలేక, వ్రతభంగమైనదని దుఃఖించే గృహిణి నిజానికి ఏ వ్రతాన్నీ భంగపరచలేదు. ఆమె లేవలేకపోయిన ఆ వేళ అక్కడ ఇంకా గాఢరాత్రియే. దేశకాలాలను విచారించకుండా ఆచారాన్ని మాత్రమే సముద్రం దాటించడం వల్ల కలిగిన అనవసర దుఃఖమిది.

అసలు మనస్సు భౌతిక కారణాలచేత కుంగుతుందా అని సందేహించేవారు ఛాందోగ్యోపనిషత్తులోని ఉద్దాలక శ్వేతకేతు సంవాదాన్ని స్మరించాలి. మనస్సు అన్నమయమని బోధించదలచిన తండ్రి కుమారుని పదిహేను దినాలు నిరాహారంగా ఉండమంటాడు, నీరు మాత్రం త్రాగవచ్చునంటాడు. పదహారవ దినాన వేదమంత్రాలు చెప్పమంటే, పన్నెండేళ్ళు గురుకులవాసం చేసిన ఆ యువకునికి ఒక్కటీ స్ఫురించదు. అప్పుడు ఉద్దాలకుడు ఏమి చేశాడు? నీకు శ్రద్ధ లేదనలేదు, తమస్సులో పడ్డావనలేదు. భుజించి రమ్మన్నాడు. భోజనానంతరం అడిగినవన్నీ శ్వేతకేతు చెప్పగలిగాడు. విద్య నశించలేదు, దానిని ప్రకాశింపజేసే ఇంధనమే తరిగిపోయింది. అన్నం లేక వేదం స్ఫురించని మనస్సుకు, నెలల తరబడి ప్రభాతకాంతి లేక ఆనందం స్ఫురించకపోవడంలో ఆశ్చర్యమేమున్నది? ఉపనిషత్తు కాంతి చికిత్సను చెప్పిందని నేను అనడం లేదు. ప్రతి ఆధునిక విషయాన్నీ ఋషులకు అంటగట్టే అభిరుచి నాకు లేదు. మనస్సు కూడా పోషణ అపేక్షించే సూక్ష్మద్రవ్యమే అన్న సిద్ధాంతం మాత్రం అక్కడ స్పష్టం.

పతంజలి మహర్షి యోగాంతరాయాలను పరిగణించినపుడు వ్యాధిని ప్రప్రథమంగా పేర్కొని, స్త్యానాన్ని, ఆలస్యాన్ని దాని నుండి వేరుగా చెప్పాడు. బద్ధకమూ రోగమూ ఒకటే అయితే ఇన్ని పదాలు అవసరమయ్యేవి కావు. బద్ధకస్తునికి ఇష్టమైన పని ఎదురైతే ఉత్సాహం పుడుతుంది; రోగికి ఇష్టమైనదే రుచించదు. మనవడి ఫోను వచ్చినా తీయాలనిపించని తాతగారిని సోమరి అని ఎలా అనగలం?

"నీవు ఆత్మవు, మనస్సువు కావు, సాక్షిగా చూడు" అన్న వాక్యం కూడా ఈ సందర్భంలో తరచుగా వినబడుతుంది. సత్యమే. కాని వేదాంతశ్రవణానికి అధికారిని విధించిన శాస్త్రమే శమదమాదులను ముందు కోరింది. పదిహేను నిమిషాలు కుదురుగా కూర్చోలేనివానికి సాక్షిభావాన్ని ఔషధంగా ఇవ్వడం జ్వరపీడితునికి దేహం మిథ్య అని చెప్పి ఊరుకోవడం వంటిది. అంతఃకరణం జడమనీ, ఉపకరణమనీ అంగీకరించినవాడు దాని మరమ్మతుకు వైద్యుని ఆశ్రయించడానికి సిగ్గుపడనక్కరలేదు.

చరకుడు చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడుగా విభజించాడు. మంత్ర హోమాదులను, ఔషధాహారాలను, మనోనిగ్రహాన్ని ఒకే వైద్యంలో చేర్చిన ఆ దృష్టి మనకెందుకు కొరవడాలి? జపం కొనసాగనివ్వండి. దానితోపాటు సైకియాట్రిస్టు సూచిస్తే ప్రతి ఉదయం సుమారు అరగంట 10,000 లక్సుల కాంతిదీపం ఎదుట కూర్చోండి. పూజామందిరంలోని నేతిదీపం పవిత్రమే గానీ ఈ పనికి చాలదు. నేత్రవ్యాధులు ఉన్నవారు, బైపోలార్ రుగ్మత ఉన్నవారు వైద్యుని అడగకుండా ఆ దీపాన్ని వాడరాదు. కొందరికి మాత్రలు, మరికొందరికి ఆలోచనాసరళిని సవరించే చికిత్స అవసరమవుతాయి. మేఘావృతమైన దినాన కూడా ఆరుబయటి వెలుతురు ఇంటిలోని వెలుతురు కంటె ఎన్నో రెట్లు అధికం. కనుక అక్కడి మధ్యాహ్నిక సంధ్యావందనాన్ని వీలైతే బాల్కనీలో చేయండి.

ఆగస్టులో చదువుకై వెళ్ళి మొదటి శీతకాలాన్ని ఒంటరిగా గడిపే మన పిల్లల విషయం మరింత సున్నితమైనది. "హనుమాన్ చాలీసా చదువుతున్నావా?" అని అడిగే తల్లిదండ్రులు "ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? ఇవాళ బయటికి వెళ్ళావా? ఎవరితోనైనా మాట్లాడావా?" అని కూడా అడగాలి. జీవించాలని లేదన్న మాట వారి నోట ఏ రూపంలో వచ్చినా ఉపదేశం ఆపి, ఆ రోజే సహాయం అందించాలి. అమెరికా, కెనడాలలో 988, భారతదేశంలో టెలీ మానస్ 14416 సంఖ్యలకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చును. ఈ సంఖ్యలను పంచాంగం ప్రక్కనే వ్రాసి ఉంచండి.