మిగిలితే ఇద్దాం అనేవాళ్లకు



పోయిన కమిటీ మీటింగులో రెండు సంగతులు వచ్చాయి. హాలుకు ఏసీ పెట్టించడం ఒకటి, మిషనరీ కానుక ఇంకొకటి. ఏసీకి పది నిమిషాల్లో చేతులు లేచాయి. మిషనరీ కానుక దగ్గరికి వచ్చేసరికి "మిగిలితే చూద్దాం" అన్నారు. అన్నది ఎవరని ఎవరూ వెతకొద్దు. ఆ మాట మన ఇళ్లన్నింటిలోనూ ఉన్నదే. అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాం. కోపం వస్తే రానివ్వండి, పూర్తిగా చదివాక రానివ్వండి.

మిగలడమనేది మన ఇళ్లలో ఎప్పుడు జరిగింది? చెవులు కుట్టే పండుగకి కూడా వీధి మలుపులో ఫ్లెక్సు కట్టాలి. బంగారం ధర ఎంత ఎక్కినా పెళ్లిచూపుల్లో పవున్ల లెక్క అడగడం ఆగలేదు. పాత ఫోను వాయిదాలు తీరకముందే కొత్త ఫోను చేతికొస్తుంది. ఇవన్నీ తీరాక మిగిలేది దేవుడికి అంటే, దేవుడు మన వీధిలో అరువు పెట్టుకున్న మనిషిలాగా గుమ్మంలో నిలబడాలి.

మనం పిసినారులమని మేం అనడం లేదు. విరుదునగర్, కోవిల్‌పట్టి వైపు ఇచ్చే చెయ్యి పెద్దదే. కాని మనకు తెలిసిన ఇవ్వడం ఒక్కటే, మొయ్. ఆంధ్రావాళ్లు చదివింపులంటారు. పేరు నోటుపుస్తకంలో ఎక్కాలి, మైకులో చదవాలి, రేపు మన ఇంటి పెళ్లికి అది తిరిగి రావాలి. దాంట్లో తప్పేం లేదు, ఊళ్లో పెళ్లిళ్లు అలాగే గట్టెక్కుతాయి. కాని చర్చికి ఇచ్చేదాన్ని కూడా మనం మొయ్ చేసేశాం. ట్యూబ్‌లైట్ ఇస్తే దాని మీద తాతగారి పేరు, వెలుతురు కంటే అక్షరాలే ఎక్కువ. కోత పండుగ వేలంలో ఒక సొరకాయను సంతలో పలికే ధరకి పదింతలు పెట్టి పాడతాం, అదీ పక్కింటాయన చూస్తుండగా. అదే మనిషి సువార్త పనికి కవరిస్తే అందులో ఎంత పెడతాడో అందరికీ తెలుసు.

తిరిగి రాని చోటికి ఇచ్చినవాళ్లు ఈ నేల మీదే ఉన్నారు. 1902లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే మిషనరీలను పంపడం చూశారు. మన వాళ్లెందుకు చేయకూడదనుకున్నారు. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. మనుషులు ఇక్కడివాళ్లే, డబ్బు ఇక్కడిదే, నడిపించేదీ ఇక్కడివాళ్లే అన్నది దాని నియమం. తెల్లదొరల చందా మీద ఆనుకోలేదు. అప్పుడు కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి అన్నీ తిరునెల్వేలి జిల్లాలోవే.

వాళ్లు మిషనరీలను పంపింది ఎక్కడికనుకుంటున్నారు? తెలుగు దేశానికి. నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కి. మన పెద్దలు ఎప్పుడో కృష్ణ దాటి ఈ కరిసల్ నేలకు వచ్చారు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుతూ బతికాం. ఆ తమిళులు ఎదురు దారిలో వెళ్లి, రాని తెలుగు నేర్చుకుని, ముక్కూ మొహం తెలియని మన భాషవాళ్లకు సువార్త చెప్పారు. అజరయ్య తానే 1909లో వైఎంసీఏ ఉద్యోగం వదిలి దోర్నకల్ వెళ్లారు, 1912లో బిషప్ అయ్యారు. అక్కడే 1945లో కన్నుమూశారు. ఆ ఖర్చు మోసినవాళ్లలో ఎక్కువమంది దోర్నకల్‌ని ఎన్నడూ చూసి ఉండరు. ఏ మొయ్ పుస్తకంలోనూ ఆ బాకీ లేదు.

దోర్నకల్‌లో బాప్తిస్మం పొందినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ కూలీలు, సెంటు భూమి లేనివాళ్లు. వీళ్ల దగ్గర అడగకూడదని జాలిపడేవాళ్లు అప్పుడూ ఉంటారు. అజరయ్య అలా జాలిపడలేదు. ఇవ్వడం బీదవాడి హక్కు కూడానని నమ్మారు. ఆడవాళ్లు వంటకు బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేవాళ్లు, ఆదివారం చర్చికి తెచ్చేవాళ్లు. గుడ్లు, కోళ్లు, కూరగాయలు కూడా వచ్చేవి. ఆ పిడికెడు గమనించండి, అన్నం వండకముందు తీసింది. తిన్నాక గిన్నెలో మిగిలింది కాదు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మన బీదవాళ్లను చూసుకున్నాక బయటికి పంపుదాం" అంటారు కొందరు. మంచి మాటే. అయితే ఒకటి అడుగుతాం. ఈ రెండేళ్లలో సంఘం డబ్బుతో చదివిన మన బీద పిల్లలెంతమంది? ఏసీ ఏ బీదవాడి కోసం? బయటికి ఇవ్వకుండా ఉండడానికే బీదవాళ్లు గుర్తొస్తే అది వాళ్లకూ అవమానమే.

లెక్క అడుగుతామనేవాళ్లు తప్పకుండా అడగండి. మిషనరీ పేరు చెప్పుకుని కార్లు కొన్నవాళ్లను మనమూ చూశాం. ఎక్కడ, ఎవరు, ఏం పని చేస్తున్నారని ప్రతి మూడు నెలలకు రాతపూర్వకంగా తెప్పించుకోవచ్చు. అనుమానం ఉంటే విచారించాలి, చెయ్యి జేబులోనే ఉంచుకోవడానికి దాన్ని సాకు చేయకూడదు.

మన ఊళ్లలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లే అక్కలున్నారు, రోజుకూలీ. ఆదివారం కానుక సంచిలో వాళ్లు వేసేది వాళ్ల కూలీలో ఎంత వంతో, మనం వేసేది మన రాబడిలో ఎంత వంతో ఎవరికి వాళ్లం ఇంట్లో కాగితం మీద వేసుకుందాం. గ్రూపులో పెట్టనక్కర్లేదు. రెండు కాసులు వేసిన విధవరాలి గురించి ప్రసంగం విని తలలూపినవాళ్లమే కదా అందరం.

వచ్చే జనరల్ బాడీకి ట్రెజరర్‌గారు బడ్జెట్ కాగితం తయారు చేస్తున్నారు. అందులో మొదటి వరుసలో మిషనరీ కానుక రాయమని, మొత్తం రాబడిలో పదో వంతుకు తగ్గకుండా రాయమని అడుగుతున్నాం. దాత పేరు ఎక్కడా చదవకూడదని కూడా తీర్మానంలో చేర్చాలి. సమ్మతి ఉన్నవాళ్లు శనివారం లోపల ట్రెజరర్‌గారికి చెప్పండి. ఏసీ సంగతి రెండో వరుసలో మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఫ్యాన్లు తిరుగుతున్నాయి, వాటి మీద పేర్లు కూడా ఉన్నాయి.