పాత దూలం అమ్మే ముందు ఒక్కసారి టేపు పట్టండి

ఈ పోస్టు కొంచెం పొడుగే. తీరిక చూసుకుని చదవండి.

మన ఊళ్లలో పెంకుటిళ్లు ఒక్కొక్కటే పడగొట్టి స్లాబు వేసుకుంటున్నాం. వెయ్యొద్దని నేను అనను, కారే ఇంట్లో ఎవరుంటారు? కానీ ఇల్లు పడగొట్టిన మర్నాటికే పాత కలప కొనేవాళ్ల ట్రాలీ వాకిట్లోకి వస్తుంది. దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, తలుపులు, పెరట్లో పడున్న బల్ల, అన్నీ కలిపి గంపగుత్తగా ఓ రేటు చెప్తారు. అడ్డం పోతుంది కదా అని మనం సరే అనేస్తాం. ఆర్నెల్లు తిరక్కుండానే చేలో షెడ్డు కావాలని టౌనుకెళ్లి ఇనప పైపులు అప్పు మీద తెస్తాం. షెడ్డుకి కావలసిన సగం సామాను మనమే ట్రాలీ ఎక్కించి పంపేస్తున్నాం. నేను చెప్పదలుచుకుంది ఇదే: ఆ కలప అమ్మకండి. దాంతోనే చేలో షెడ్డు కట్టుకోండి, మిగిలిన ముక్కల్తో బల్లలు, మంచాలు బాగు చేసుకోండి.

ఊరికే ముచ్చటకి చెప్పడం లేదు, లెక్క చూడండి. పన్నెండడుగుల పొడుగు, ఆరంగుళాల మందం, ఆరంగుళాల వెడల్పు ఉన్న దూలం ఒక్కటి మూడు ఘనపుటడుగులు. టింబరు డిపోకి వెళ్లి కొత్త టేకు అడుగు ఎంతో అడగండి. మూడుతో గుణించండి. గంపగుత్త బేరంలో ఆ దూలానికి ఎంత పడిందో అప్పుడు తెలుస్తుంది. పైగా డిపోలో ఇప్పుడు దొరికేది చాలావరకు లేత టేకు, తెల్లచెక్క ఎక్కువ. తెల్లచెక్కను చెద వదలదు. మన తాతల నాటి దూలంలో ఉండేది చేవ. టేకు చేవలో సహజంగానే నూనె ఉంటుంది, అందుకే చెద దాని జోలికి అంత తేలిగ్గా రాదు. సొంత పొలంలో టేకు చెట్టు కొట్టాలన్నా 2002 వాల్టా చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలి. ఇంట్లో ఉన్నదాన్ని అంత చులకనగా ఎలా వదులుకుంటాం?

"చేలో షెడ్డు ఎందుకండీ, వేపచెట్టు కింద కూర్చోమా?" అనేవాళ్లు ఉన్నారు. నీడ కోసమైతే చెట్టు చాలు. నేను షెడ్డు అడిగేది ముందుగా పురుగు మందుల కోసం. మనలో ఎంతమంది ఇళ్లలో మందు డబ్బాలు మంచం కిందో, అటక మీదో, బియ్యం బస్తా పక్కనో లేవు? పిల్లలు పాకే ఇంట్లో పారాక్వాట్ లాంటి గడ్డి మందు పెట్టుకుంటున్నాం. దానికి విరుగుడు లేదు. ఇంకో మాట చెప్పక తప్పదు. అప్పు బాధలోనో, ఇంట్లో గొడవలోనో ఓ క్షణం మనసు చెడిపోతుంది. ఆ క్షణంలో డబ్బా చేతికందితే ఒక కథ, మైలు దూరంలో తాళం వేసి ఉంటే ఇంకో కథ. ఆ దూరంలో మనసు మళ్లుతుంది. షెడ్డు వల్ల ఒక్క ప్రాణం నిలిచినా దాని ఖర్చు వచ్చేసినట్టే. కలుపుకి, కాయ కోతకి వచ్చే ఆడవాళ్లకి అన్నం తినడానికి, చీర మార్చుకోవడానికి చాటు దొరుకుతుంది. అది కూడా చిన్న విషయం కాదు.

ఇక కట్టే తీరు. పన్నెండుకి పదహారడుగులు ఉంటే మామూలు రైతుకి సరిపోతుంది. పొడుగు వైపు తూర్పు పడమరలుగా పెట్టండి, పొద్దున సాయంత్రం ఎండ తక్కువ గోడకి తగులుతుంది. నీళ్లు నిలవని మెరక చూసుకోండి, బోరుకి, బావికి మాత్రం ఎడం ఉండాలి, మందులు ఉండే చోటు కదా. గుంజల్ని నేరుగా మట్టిలో పాతొద్దు. చేవ చెక్క అయినా మట్టికి గాలికి మధ్య, నేల మట్టం దగ్గరే ముందు కుళ్లుతుంది. మన పాత మండువా ఇళ్లలో స్తంభం కింద రాతి దిమ్మ ఎందుకు పెట్టారనుకున్నారు? అదే పని ఇప్పుడు అడుగు ఎత్తు కాంక్రీటు దిమ్మతో చెయ్యొచ్చు. దిమ్మలో ఇనప పట్టీ పాతి, గుంజను దానికి నట్టు బోల్టుతో బిగించాలి. చెద దిమ్మ మీంచి ఎక్కినా మట్టి గొట్టం కంటికి కనపడుతుంది, అప్పుడే గీకెయ్యొచ్చు. చూరు రెండడుగులు బయటికి వదలండి. చెక్కకి మందుల కంటే చూరే పెద్ద కాపలా.

గాలి సంగతి మర్చిపోవద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్ని ఏం చేశాయో చూశాం. రేకుల్ని ఉత్త మేకులతో కొట్టొద్దు, జె బోల్టులు వాషర్లు వేసి బిగించాలి. గుంజకీ దూలానికీ మధ్య మూలల్లో ఐమూలగా బద్దలు వెయ్యాలి. అవి లేకపోతే షెడ్డు పక్కకి వాలుతుంది.

కలప ఏరుకునేటప్పుడు స్క్రూడ్రైవరు తీసుకుని పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క పొయ్యిలోకే, అదీ రంగు వెయ్యనిదైతేనే. సుత్తితో తడితే ఖంగుమనాలి, బొద్దుగా మోగితే లోపల డొల్ల. తాటి దూలమైతే బలమంతా పైనున్న నల్లటి నారలోనే ఉంటుంది, లోపలి మెత్తటి భాగాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కొయ్యకముందే పాత మేకులన్నీ పీకించండి, రంపం పళ్లు పోవడమే కాదు, మిషను మీదైతే ముక్కలెగిరి కళ్లు పోతాయి.

లోపల ఒక మూలన పాత తలుపు రెక్కలతో బీరువాలాంటిది కొట్టించి మందులకి కేటాయించండి. పొడి మందులు పైన, ద్రవాలు కింద. డబ్బా కారినా పొడి పాడవదు. విత్తనాలు, దాణా ఆ దరిదాపుల్లో ఉండకూడదు. తాళం ఒకరి దగ్గరే ఉండాలి. యూరియా బస్తాల కింద వాసాల ముక్కలు పరిస్తే నేల చెమ్మ ఎక్కదు.

బల్లలు, నులక మంచాల దగ్గరికి వద్దాం. ఏళ్ల తరబడి ఎండకి వానకి పడుండి బూడిద రంగుకి తిరిగితే పనికిరాదని పొయ్యిలో పెడతారు. బూడిద రంగు వేరు, పుచ్చు వేరు. ఆ రంగు పైపైనే ఉంటుంది, చిత్రిక రెండుసార్లు పడితే లోపల చెక్క కొత్తదానిలా బయటపడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, నీడన వారం ఆరబెట్టి, 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, ఆపైన 180తో, నార వాటంగానే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు పోవు.

ఇక్కడొక జాగ్రత్త. పాత తలుపులకి, కుర్చీలకి ఉన్న రంగుల్లో సీసం ఉండొచ్చు. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగుకి పూచీ లేదు. దాన్ని పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దండి. ముక్కుకి మాస్కు కట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. గీకిన పొట్టు పెరట్లో, పశువుల దగ్గర పొయ్యొద్దు. ఆ రంగు చెక్క పొయ్యిలో అసలే పెట్టొద్దు, సీసం పొగలో వస్తుంది.

పైపూతకి చాలామంది ట్రాక్టరులోంచి తీసిన కాలిన ఆయిల్ పూస్తారు. కూర్చునే బల్లకీ, పడుకునే మంచానికీ అది వద్దు, ఒంటికి మంచిది కాదు. నిగనిగలాడే వార్నిష్ కూడా ఎండలో ఉండే సామానుకి అంతగా నిలవదు, పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది, మళ్లీ అంతా గీకాలి. రంగుల షాపులో దొరికే లిన్సీడ్ ఆయిల్, అదేనండి అవిసె నూనె, ఉడికించింది అడిగి తెచ్చుకోండి. పచ్చిది ఆరడానికి రోజులకి రోజులు పడుతుంది. గుడ్డతో పల్చగా పూసి, కాసేపాగి మిగిలింది తుడిచెయ్యండి. రోజు విడిచి రోజు మూడు పూతలు చాలు. కాళ్ల అడుగులకి మాత్రం దండిగా పట్టించండి, చెక్క నీళ్లు పీల్చేది అక్కడే. ఏటా వానలకి ముందు ఒక పూత వేస్తే చాలు, మళ్లీ గీకే పని ఉండదు. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి పడెయ్యొద్దు. అవి లోలోపలే వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. పక్కన గడ్డివాము ఉంటే ఇంక చెప్పేదేముంది. విప్పి తీగ మీద ఆరెయ్యండి, లేదా నీళ్లలో నానబెట్టండి.

"వడ్రంగి కూలీ పెడితే ఇనుమే నయం" అంటారు కొందరు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కప్పు కింద రేకులు బిగించే అడ్డ పట్టీలకి ఇనప పైపే వాడండి, నేనూ అదే అంటాను. పాత కలప లేనివాళ్లు కొత్త టేకు కొని షెడ్డు కట్టమని కూడా నేను చెప్పను. ఇంట్లో ఉన్నవాళ్లు అమ్ముకోవద్దనే నా మాట. పైపుల డబ్బు టౌనుకి పోతుంది, కూలీ డబ్బు ఊళ్లోనే ఉంటుంది. ఒకప్పుడు కళ్లంలో వడ్రంగికి మేర కొలిచి పెట్టేవాళ్లం, నాగలి, గొర్రు, బండి ఆయన చేతిలోనే నడిచేవి. ట్రాక్టరొచ్చాక ఆ పని పోయింది. చాలా ఊళ్లలో వడ్రంగి పిల్లలు పట్నంలో ప్లైవుడ్ బీరువాలు కొడుతున్నారు. పాత చెక్క వాటం తెలిసిన పెద్దాయన ఇంకా మీ ఊళ్లో ఉంటే, ఆయన ఒంట్లో ఓపిక ఉండగానే పని చెప్పండి. పక్కన మీ కుర్రాణ్ణి కూడా నిలబెట్టండి, చూసి నేర్చుకుంటాడు.

ఈ వేసవిలో ఇల్లు పడగొట్టే ఆలోచన ఉన్నవాళ్లు ముందు కలపని టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. షెడ్డుకి ఏది పనికొస్తుందో పక్కన పెట్టాకే ట్రాలీవాళ్లతో బేరం మాట్లాడండి. మీ వైపు పాత కలపని చెదకి, వానకి ఎలా కాపాడతారో, నులక మంచాలకి ఏం పూస్తారో కింద రాయండి, అందరికీ పనికొస్తుంది.