మొదటి సంచిక నుంచే చదవాలని రూలేమైనా ఉందా?

చిన్నప్పుడు చందమామ కోసం వాకిట్లో కాపు కాసిన మనమే, ఇవాళ బొమ్మల పుస్తకం ముట్టుకుంటే "ఈ వయసులో ఇవేంటి" అనిపించుకుంటున్నాం. ఆ మాట దులిపేసుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది రెండో మాటకి. బ్యాట్‌మన్ పుస్తకం తెరిచామో లేదో, ఇంట్లో కుర్రకారు "అది మధ్యలోది, ముందువి చదవకపోతే నీకర్థం కాదు" అనేస్తారు.

ముందువి అంటే ఎన్నంట? బ్యాట్‌మన్ పుట్టింది 1939లో. అన్నీ చదివాకే ఇది చదవాలంటే ఈ జన్మకి పొయ్యి వెలిగించక్కర్లేదు. పైగా రాసేవాళ్ళకే లెక్క తప్పింది. ఒక్కో హీరోకి ఒక్కో లోకంలో ఒక్కో చరిత్ర అయిపోయి, 1985-86లో డీసీ వాళ్ళు లోకాలన్నీ కలిపి ఒకటి చేశారు. 2011లో మళ్ళీ 52 పుస్తకాలు ఒకటో నంబరు నుంచి మొదలెట్టారు. మార్వెల్ వాళ్ళు ఇంకా ఘనులు. 1987లో స్పైడర్‌మన్‌కి మేరీ జేన్‌తో పెళ్ళి చేసి, 20 ఏళ్ళు కాపురం చేయించి, 2007లో అసలు ఆ పెళ్ళే జరగలేదు పొమ్మన్నారు. చావుబతుకుల్లో ఉన్న మే ఆంటీ (మన వరసలో పెద్దమ్మ) బతకాలంటే కోడలి కాపురం పోవాలని ఓ సైతాను బేరం పెట్టాడట! రోజూ సాయంత్రం సీరియళ్ళు చూసే మనకా ఇది అర్థం కానిది?

మాది ముప్పాళ్ళ. పల్నాడు వాళ్ళకి వీరుల కథలు కొత్తా? కారంపూడిలో కార్తీక అమావాస్యకి మొదలయ్యే ఉత్సవాలు అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కోడిపోరు నాడు వెళ్ళినవాళ్ళని "రాయబారం చూశావా?" అని ఎవరైనా ఆపుతారా? నాయకురాలు నాగమ్మ ఒకరి నోట కుట్రలమారి, ఇంకొకరి నోట రాజ్యం నడిపిన మంత్రి. రెండూ వింటాం, ఎవరి నాగమ్మని వాళ్ళు దాచుకుంటాం. చందమామలో బేతాళ కథలకి మాత్రం వెనకటి నెలది చదివామా? విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకున్నాడంటే చాలు, కథ నడిచిపోయేది.

అందుకని, మొదలెట్టాలనుకుంటే 'బ్యాట్‌మన్: ఇయర్ వన్' పట్టుకోండి. 1987 నాటి నాలుగు సంచికల కథ, ఒకే పుస్తకంగా దొరుకుతుంది. ఇంగ్లీషుకి బెదరకండి, సగం బొమ్మలే చెప్పేస్తాయి. తెలియని పేరొస్తే పెళ్ళింట్లో కొత్త చుట్టం అనుకోండి, నాలుగు మాటలు వింటే వరస దానంతటదే తెలుస్తుంది. మధ్యలో ఎవరైనా కాఫీ అడిగితే, ఈ సంచిక అయ్యాక ఇస్తానని చెప్పండి. పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి, ఆగలేనివాళ్ళు పెట్టుకుంటారు.