నమూనాలు మారిన చాలునా?

గృహసినిమా యంత్రములకు క్రొత్త నమూనాలు రానున్నవనగానే మనవారు పాతవానిని చులకన చేయుచున్నారు. రిసీవర్లు మారుచుండుట నిజమే. డిస్కు ప్లేయర్ల విషయమున తయారుచేయువారే తగ్గిపోవుచున్నారు. 2018లో ఒప్పో సంస్థ వాని తయారీకి స్వస్తి చెప్పెను. 2019లో శామ్‌సంగ్ అమెరికా విపణికి క్రొత్తవి దింపుట మానెను.

రెడ్డిగూడెపు గృహస్థుడు వెలయిచ్చి కొన్న 'మాయాబజారు' డిస్కు అతని సొత్తు. దానిని ఆడించు యంత్రమునకు విడిభాగము దొరకనినాడు ఆ సొత్తు నిరర్థకము గాదా? 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము తెరచిన 'మరమ్మతు హక్కు' పోర్టలునందు వ్యవసాయ యంత్రములతోబాటు గృహోపకరణములకును స్థానము కలదు. ట్రాక్టరు కొనునపుడు విడిభాగముల మాట అడుగు రైతు దీనికేల అడుగరాదు?

విడిభాగములు ఎన్నియేండ్లు దొరకునో పెట్టెపైననే ముద్రింపవలెనని మేము కోరుచున్నాము. ఆ హామీ లేని నమూనా ఎంత క్రొత్తదైనను కొనదగినది కాదు.