మందకు పరీక్ష, రైతుకు శిక్ష

ఇంగ్లండ్ నైరుతి మూలన డెవాన్, కార్న్‌వాల్, సోమర్‌సెట్, గ్లాస్టర్‌షైర్ కౌంటీల్లో పాడి రైతును వణికించే రోజులు రెండున్నాయి. పశువైద్యుడు టీబీ (క్షయ) పరీక్ష కోసం మందకు సూది వేసే రోజు ఒకటి. మూడు రోజుల తర్వాత వచ్చి, సూది వేసిన చోట చర్మం మందం కొలిచే రోజు రెండోది. ఆవు మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు కత్తిరిస్తారు. పైచోట పక్షుల టీబీ క్రిమి నుంచి, కిందిచోట పశువుల టీబీ క్రిమి నుంచి తీసిన ట్యుబర్క్యులిన్ ఎక్కిస్తారు. కింది వాపు పై వాపు కంటే నాలుగు మిల్లీమీటర్లకు మించి ఎక్కువగా ఉంటే ఆ ఆవు పేరు 'రియాక్టర్'. ఇక అది కబేళాకు పోవలసిందే. వైద్యుడు వచ్చేదాకా మనసు నిలవక, ముందు రాత్రే లైటు పట్టుకుని పాకలోకి వెళ్లి ఒక్కో మెడా తడుముకునే రైతులున్నారు. వేలికి చిన్న గడ్డ తగిలితే ఆ రాత్రి నిద్ర ఉండదు.

పోయేది ఆ ఒక్క ఆవే అయితే కడుపు కట్టుకుని ఓర్చుకోవచ్చు. కానీ ఒక్క రియాక్టర్ తేలిందంటే మంద మొత్తానికి బేడీలు పడతాయి. మళ్లీ పరీక్ష గట్టెక్కేదాకా అనుమతి లేకుండా ఒక్క పశువు కూడా గేటు దాటకూడదు. కనీసం 60 రోజుల ఎడంతో మళ్లీ సూది, మళ్లీ కొలత. అందులో ఇంకొకటి తేలితే లెక్క మొదటికొస్తుంది. ఇలా ఏళ్ల తరబడి ఆంక్షల్లోనే నలిగే పొలాలున్నాయి. అమ్ముకోవలసిన కోడెదూడలు పాకలోనే పెరుగుతుంటాయి. వాటికి మేత కావాలి, చోటు కావాలి, చాకిరీ చేసే మనిషి కావాలి. పశువుకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ఇంగ్లండ్‌లో 2006 నుంచి ఆ మొత్తాన్ని పశువు వయసు, రకం చూసి సగటు మార్కెట్ ధరల పట్టికతో నిర్ణయిస్తున్నారు. తాత కాలం నుంచి ఎంచి ఎంచి పెంచుకొచ్చిన వంశానికీ ఆ పట్టికలో దక్కేది సగటు ధరే. ఆగిపోయిన పాలకు అసలు గడే లేదు.

చూడి ఆవు సంగతి మరీ దారుణం. నెలలు నిండిన ఆవును లారీలో తరలించడం నిబంధనలకు విరుద్ధం. అందుకని రియాక్టరైన చూడి ఆవును రైతు పెరట్లోనే కాల్చి చంపుతూ వచ్చారు. కడుపులోని దూడ కదులుతుండగానే తల్లి కూలిపోవడాన్ని ఆ ఇంటి పిల్లలు కిటికీలోంచి చూశారు. ఈ ఒక్క విషయంలో వేల్స్ ప్రభుత్వం 2024లో మెత్తబడి, ఈనేదాకా ఆగే వీలు కల్పించింది. అంత చిన్న దయకు అన్నేళ్లు పట్టడం నాకు క్షమించరాని ఆలస్యంగా తోస్తుంది.

ఇంగ్లండ్‌లో ఏటా 20 వేలకు పైగా పశువులు ఇలా పోతున్నాయి. ప్రజాధనం ఏటా సుమారు 10 కోట్ల పౌండ్లు ఖర్చవుతోంది. అయినా వ్యాధి పోలేదు. రైతుల కోపానికి మూలం ఇక్కడుందని పైకి అనిపిస్తుంది. నా ఉద్దేశంలో అసలు మూలం ఇంకా లోతున ఉంది. వ్యాధి వల్ల, దాని నియంత్రణ వల్ల వచ్చే నష్టమంతా పొలం గట్టున పడుతోంది. నిర్ణయాలేమో లండన్‌లో జరుగుతున్నాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా అవీ మారుతున్నాయి.

ఇదే దేశం ఒకప్పుడు ఈ జబ్బును దాదాపు గెలిచింది. 1930లలో బ్రిటన్ పాడి ఆవుల్లో నూటికి 40 దాకా టీబీ సోకినవే. పచ్చిపాల ద్వారా పిల్లలకు మెడ గ్రంథుల్లో, పొట్టలో, ఎముకల్లో క్షయ వచ్చేది. ఏటా సుమారు రెండున్నర వేల మంది చనిపోయేవారు. 1935లో టీబీ లేని మందలకు ధ్రువీకరణ ఇచ్చే పథకం మొదలైంది. ముందుకొచ్చిన రైతుకు పాల మీద అదనపు ధర దక్కింది. 1950 నుంచి పరీక్ష తప్పనిసరి చేశారు. 1960 నాటికి దేశంలోని మందలన్నీ ధ్రువీకరణ పొందాయి. పాలను వేడిచేసి శుద్ధి చేయడంతో మనుషులకూ ఆ ముప్పు తొలగింది. రైతుకు మొదట ఆశ చూపి, తర్వాత చట్టం తెచ్చిన ఆ వరుస క్రమం వల్లే ఆ విజయం దక్కిందని నేను నమ్ముతాను.

కథ అడ్డం తిరిగింది 1971లో. గ్లాస్టర్‌షైర్‌లో చచ్చిపడి ఉన్న ఒక బ్యాడ్జర్‌ను కోసి చూస్తే లోపల పశువుల టీబీ బయటపడింది. ముఖం మీద నలుపు తెలుపు చారలతో, పది పన్నెండు కిలోల బరువుండే జంతువది. పగలంతా బొరియల్లో నిద్రపోతుంది. రాత్రిళ్లు పచ్చికబయళ్లలో వానపాముల కోసం తవ్వుకుంటుంది. ఆవులు మేసేదీ ఆ పచ్చికే. ఆంగ్లేయ పిల్లల కథల్లో అది పెద్దమనిషి పాత్ర. కుక్కలను ఉసిగొల్పి దాన్ని చంపే క్రూర వినోదం ఒకప్పుడు అక్కడ ఉండేది కాబట్టి, 1973లోనే దాని రక్షణకు చట్టం చేశారు. అలా ఒకే పొలంలో ఒక జంతువును చంపి తీరాలని ఒక చట్టం, మరో జంతువును ముట్టుకోరాదని ఇంకో చట్టం ఎదురెదురుగా నిలిచాయి. మధ్యలో రైతు నిలబడ్డాడు.

ఆ తర్వాతి యాభై ఏళ్ల విధానాన్ని చదువుతుంటే తల తిరుగుతుంది. 1975లో బొరియల్లోకి విషవాయువు వదిలారు. అది క్రూరమని 1982లో ఆపేశారు. బోనులు పెట్టి పట్టారు, కొంతకాలానికి అదీ మానేశారు. కమిటీ మీద కమిటీ వేశారు. చివరికి 1998 నుంచి 2005 దాకా ప్రొఫెసర్ జాన్ బోర్న్ నాయకత్వంలో ఒక పెద్ద శాస్త్రీయ ప్రయోగం జరిగింది. దాదాపు 11 వేల బ్యాడ్జర్లను చంపి ఫలితం కొలిచారు. చంపిన ప్రాంతం లోపల మందల్లో టీబీ 23 శాతం మేర తగ్గింది. దాని చుట్టూ రెండు కిలోమీటర్ల మేర మాత్రం పెరిగింది. బ్యాడ్జర్లు కుటుంబాలుగా, ఎవరి సరిహద్దులో అవి బతుకుతాయి. కొన్నిటిని చంపేసరికి ఆ సరిహద్దులు చెదిరాయి. మిగిలినవి దూరదూరాలకు తిరిగాయి, రోగాన్నీ వెంట తీసుకెళ్లాయి. బ్యాడ్జర్ల వేట వల్ల పశువుల టీబీ నియంత్రణకు చెప్పుకోదగ్గ మేలు ఒరగదని బోర్న్ బృందం 2007లో తేల్చింది.

ఆ తీర్పుతో విషయం ముగిసిందా అంటే, లేదు. 2013లో మరో ప్రభుత్వం సోమర్‌సెట్, గ్లాస్టర్‌షైర్‌లలో మళ్లీ వేట మొదలుపెట్టింది. ఏటేటా ప్రాంతాలు పెంచుకుంటూ పోయింది. ఇప్పటిదాకా చంపిన బ్యాడ్జర్లు 2,30,000 కంటే ఎక్కువే. ఈ వేటకు లైసెన్సు ప్రభుత్వానిది, పెట్టుబడి రైతులది. వాళ్లే కంపెనీలు పెట్టుకుని, చందాలు వేసుకుని, తుపాకీ పట్టేవాళ్లకు కూలి ఇచ్చుకున్నారు. నిరసనకారుల భయంతో తమ పేర్లు గుట్టుగా ఉంచుకున్నారు. అంటే ప్రభుత్వ విధానాన్ని సొంత డబ్బుతో అమలుచేసి, చుట్టుపక్కల ఊళ్లలో హంతకులన్న పేరూ తామే మోశారు. నాలుగేళ్ల వేట తర్వాత గ్లాస్టర్‌షైర్‌లో కొత్త కేసులు 66 శాతం, సోమర్‌సెట్‌లో 37 శాతం తగ్గాయని 2019లో ఒక అధ్యయనం చెప్పింది. ఆ తగ్గుదలకు వేట కారణమని చెప్పలేమని, అదే కాలంలో పశువుల పరీక్షలూ కఠినమయ్యాయని 2022లో మరో బృందం వాదించింది. ఇద్దరి మాటకూ అంకెలున్నాయి. 2024లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వం ఈ పార్లమెంటు గడువు ముగిసేలోగా వేటను పూర్తిగా ఆపుతానంది. చందా కట్టిన రైతు ఇప్పుడు ఎవరిని అడగాలి?

అయితే రైతు పక్షాన మాట్లాడేవాళ్లు రైతుకు రుచించని నిజాన్నీ చెప్పాలి. ఆవు నుంచి ఆవుకు సోకేదే ఎక్కువ. ఆ చర్మ పరీక్ష ఆరోగ్యంగా ఉన్న ఆవును తప్పుపట్టడం చాలా అరుదు. జబ్బున్న ఆవును పట్టడంలోనే దాని లోపమంతా ఉంది. అయిదింటిలో ఒకటి దొరక్కుండా జారిపోతుంది. ఆ జారిపోయిన ఆవే పాకలో పక్కదానికి అంటిస్తుంది, లేదంటే సంతలో చేతులు మారుతుంది. 2001లో గాలికుంటు విలయం సృష్టించినప్పుడు టీబీ పరీక్షలు నిలిచిపోయాయి. ఖాళీ అయిన పాకలను నింపుకోవడానికి రైతులు ఎక్కడెక్కడి నుంచో పశువులను కొని తెచ్చారు. టీబీ ఎరగని జిల్లాలకు అప్పుడే టీబీ వెళ్లింది. తూర్పు కంబ్రియాలో గత దశాబ్దంలో బయటపడిన టీబీ సంగతి ఇంకా స్పష్టం. క్రిమి జన్యుక్రమం చదివితే దాని ఊరు ఉత్తర ఐర్లండ్ అని తేలింది. పశువులతో సముద్రం దాటి వచ్చి, అక్కడి బ్యాడ్జర్లకు ఆవుల నుంచే అంటింది.

ప్రొఫెసర్ చార్లెస్ గాడ్‌ఫ్రే 2018 నివేదికలో దీన్ని దాచకుండా రాశారు. వన్యప్రాణి పాత్ర ఉంది గానీ దాన్నే పట్టుకు వేలాడటం తప్పన్నారు. పశువులు కొనేటప్పుడు చరిత్ర చూడకపోవడం, మేత గదుల్లోకి బ్యాడ్జర్లు దూరకుండా కట్టడి చేసుకోకపోవడం రైతుల వైపు లోపాలన్నారు. రైతు సంఘాలకు ఆ మాటలు నచ్చలేదు. నిజమే, పాల ధర గిట్టక అప్పుల్లో ఉన్నవాడికి తలుపులు మార్చుకో, కంచెలు వేసుకో అని చెప్పడం తేలిక. కానీ బ్యాడ్జర్ మీద చూపిన పట్టుదలలో సగమైనా పశువుల కొనుగోళ్ల మీద చూపి ఉంటే నష్టపోయేది మొదట దళారులే.

న్యూజిలాండ్‌లో ఈ ముడి కొంత వీడింది. అక్కడ రోగాన్ని మోసేది బొచ్చు కోసం పంతొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన పాసమ్ అనే జంతువు. 1990ల మధ్యలో సోకిన మందలు 1,700 దాకా ఉండేవి. ఇప్పుడు యాభై లోపే. పాసమ్ అక్కడి సొంత జంతువు కాదు, పక్షులకూ శత్రువే, కాబట్టి చంపడానికి ప్రజల అడ్డు ఇంగ్లండ్‌లోలా లేదు. అడవుల్లో చల్లే విషం మీద మాత్రం అక్కడా గొడవలున్నాయి. నేను ఎత్తి చూపదలచింది వేరొకటి. అక్కడ కార్యక్రమం నడిపే సంస్థలో పాడి, మాంసం, జింకల పెంపకందార్ల సంఘాలే వాటాదార్లు. రైతు సుంకం కడతాడు, నిర్ణయించే బల్ల దగ్గర కుర్చీ ఉంటుంది. అందువల్ల ఎన్నికలతో నిమిత్తం లేకుండా దశాబ్దాల పాటు ఒకే దారిలో నడవగలిగారు. ఇంగ్లండ్ రైతుకు కట్టే వంతు వచ్చింది, కుర్చీ రాలేదు.

ఇక టీకా. మనుషులకు వేసే బీసీజీ పుట్టిందే పశువుల టీబీ క్రిమి నుంచి. కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1908 నుంచి పదమూడేళ్లు దాన్ని ప్రయోగశాలలో పెంచి పెంచి బలహీనపరిచారు. అదే టీకా ఆవుకు వేస్తే కొంత రక్షణ వస్తుంది. కానీ టీకా వేసిన ఆవుకు ఆ పాత చర్మ పరీక్ష చేస్తే రోగమున్నట్టే చూపిస్తుంది. అందుకే ఇన్నేళ్లూ టీకాను నిషేధించి ఉంచారు. రోగం సోకిన ఆవును, టీకా మాత్రమే వేసిన ఆవును వేరుచేసే కొత్త పరీక్ష మీద 2021లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో క్షేత్ర ప్రయోగాలు మొదలయ్యాయి. అది రైతు చేతికి వచ్చేదాకా వేటను కొనసాగించాలా, ఆపాలా అన్న రగడ ఎటూ తేలదు. బ్యాడ్జర్లకు బీసీజీ వేయడానికి 2010లోనే అనుమతి వచ్చింది. బోనులో పట్టి ఒక్కోదానికి సూది వేయాలి, అప్పటికే సోకినదానికి పనిచేయదు. అయినా దాని సరిహద్దులు చెదరవు. అందుకే నాకు తుపాకీ కంటే సూదే మేలనిపిస్తుంది.

ఈ గొడవ మనకెందుకనుకోవద్దు. మన దేశంలో పశువుల టీబీపై వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2018లో కట్టిన అంచనా 7.3 శాతం, అంటే రమారమి 2 కోట్ల 18 లక్షల పశువులు. మన రాష్ట్రాల్లో ఊరూరా పరీక్షించే కార్యక్రమం లేదు. పరీక్షించి తేలితే ఏం చేయాలో కూడా స్పష్టత లేదు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ చట్టం ఉన్న నేల మీద ఇంగ్లండ్ పద్ధతి కుదరదు, కుదరాలని నేను కోరుకోను కూడా. పాలు పొంగేదాకా కాచి తాగే అలవాటు మన పిల్లలను కాపాడుతోంది. కానీ చీకటి పాకలో జబ్బు పశువు దగ్గుతుంటే పక్కనే పేడ తీసే మనిషికి ఆ కాచిన పాలు రక్షణ కాదు. పైగా ఈ క్రిమి మీద క్షయ మందుల్లో ముఖ్యమైన పైరజినమైడ్ పనిచేయదు.

ఏదో ఒక రోజు మన పశుసంవర్ధక శాఖలూ ట్యుబర్క్యులిన్ సూదితో ఊళ్లలోకి రాక తప్పదు. రెండు గేదెలే ఆస్తి అయిన ఇంటికి వెళ్లి, ఒకదానికి జబ్బుందని చెప్పాక ఆ ఇంటావిడ మొదట అడిగేది ఒకటే ప్రశ్న: మరి దీన్నేం చేయమంటారు? దానికి జవాబును, ఇచ్చే పరిహారాన్ని, టీకా సంగతిని తేల్చకుండా సూది తేవద్దని మన ప్రభుత్వాలను కోరుతున్నాను. తేల్చే కమిటీలో పాడి రైతులను, ముఖ్యంగా పాలు పితికే ఆడవాళ్లను కూర్చోబెట్టండి.