ఆటల ముచ్చట్లు: అమలాపురం కుర్రవాడి జమాఖర్చు

పిల్లలూ! గోదావరి సముద్రంలో కలవబోయే ముందు పాయలుగా చీలిపోతుందని మీరు భూగోళంలో చదువుకున్నారు గదా. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, ఒకవైపు సముద్రం హద్దుగా, కొబ్బరితోటలతోనూ వరిచేలతోనూ పచ్చగా ఉండే నేలే కోనసీమ. 2022లో కోనసీమ ఒక జిల్లా అయినప్పుడు అమలాపురం దానికి ముఖ్యపట్టణమైంది. ఆ మరుసటి సంవత్సరమే అమలాపురం కుర్రవాడొకడు ఒక ఆటలో ప్రపంచంలోకెల్లా మొదటి స్థానానికి ఎక్కాడు. అయితే ఒంటరిగా కాదు, జతగాడితో కలిసి ఎక్కాడు.

ఆ కుర్రవాడి పేరు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. జతగాడు ముంబయి వాడు, చిరాగ్ శెట్టి. ఆట బ్యాడ్మింటన్. మన ఊళ్ళలో దాన్నే షటిల్ అంటాం. వర్తకులు సంవత్సరం చివర లాభమెంత, నష్టమెంత అని పద్దులు చూసుకుంటారు. అలాగే ఈ నెల మనం ఈ జంట 2023లో ఆడిన ఆటల జమాఖర్చు చూద్దాం. ఒక్క మాట ముందే చెబుతున్నాను: జమలో ఉన్నవే కాదు, ఖర్చులో ఉన్నవి కూడా చూడాలి. అసలు పాఠం అక్కడే ఉన్నది.

సాత్విక్ 2000వ సంవత్సరం ఆగస్టు 13న పుట్టాడు. తండ్రి కాశీవిశ్వనాథం గారు వ్యాయామోపాధ్యాయుడు. ఇంట్లోనే ఆట ఉన్నదన్నమాట. 2014లో ఆ పిల్లవాడు హైదరాబాదులో పుల్లెల గోపీచంద్ గారి శిక్షణాలయంలో చేరాడు. ఊరు వదిలి, ఇల్లు వదిలి వెళ్ళినప్పుడు అతనికింకా 14 ఏళ్ళ ప్రాయం. ఆ తరువాత టాన్ కిమ్ హెర్ అనే మలేషియా శిక్షకుడు అతన్ని చిరాగ్‌తో జత కలిపాడు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. డబుల్స్ ఆటలో దాడి చేసేటప్పుడు ఒకడు వలకు దగ్గరగా ముందు నిలబడతాడు. రెండోవాడు వెనుక నుంచి బలంగా కొడతాడు. కాచుకోవలసి వచ్చినప్పుడు ఇద్దరూ చెరొక పక్కకు వచ్చి నిలబడతారు. మరి ఈ ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనుక నుంచి బాదేవాళ్ళే! బండికి ఇద్దరు తోలేవాళ్ళు దొరికితే ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుచేత తనకు అలవాటు లేని ముందుపని కూడా ఇద్దరూ నేర్చుకోవలసి వచ్చింది. జతగా ఆడడమంటే తనకు బాగా వచ్చిన పని చేయడం మాత్రమే కాదు, జతకు కావలసిన పని చేయడం. తరువాత డెన్మార్కు దేశస్థుడు మథియాస్ బో వారికి శిక్షకుడైనాడు. 2012 ఒలింపిక్స్ డబుల్స్‌లో వెండి పతకం తెచ్చుకున్న ఆటగాడు ఆయన.

ఇక పద్దు తెరుద్దాం.

2023 జనవరి. మలేషియా పోటీలో మన జంట సెమీఫైనలు దాకా వెళ్ళి చైనా జంట లియాంగ్ వైకెంగ్, వాంగ్ చాంగ్ చేతిలో ఓడింది. ఆ పేర్లు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి. తరువాత ఢిల్లీ పోటీలో సాత్విక్‌కు తుంటి నొప్పి చేసి, మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. మార్చిలో ఇంగ్లండులో మళ్ళీ అదే చైనా జంట ఎదురైంది. మొదటి గేము గెలిచి కూడా మనవాళ్ళు ఓడిపోయారు. మూడు నెలలు కావస్తున్నా జమలో ఒక్కటీ లేదు, అన్నీ ఖర్చులే!

మార్చి 26న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో పద్దు తిరిగింది. ఫైనలులో రెన్ షియాంగ్యూ, టాన్ చియాంగ్ అనే చైనా జంటను 21-19, 24-22తో గెలిచారు. 21తో ఆగవలసిన గేము 24 దాకా ఎందుకు పోయింది? బ్యాడ్మింటన్‌లో 20-20 అయితే రెండు పాయింట్ల తేడా వచ్చే దాకా ఆడాలి. అలా సాగి సాగి 29-29 అయితే, ఆ తరువాతి పాయింటు ఎవరిదో గేము వారిది.

ఏప్రిల్ 30న దుబాయిలో ఆసియా ఛాంపియన్‌షిప్ ఫైనలు. ఎదుట మలేషియా జంట ఓంగ్ యూ సిన్, తియో ఈ యీ. మొదటి గేము 16-21తో పోయింది. రెండవ గేములోనూ వెనుకబడ్డారు. అయినా బెదరక 21-17, 21-19తో నిలదొక్కుకున్నారు. ఈ పోటీలో మనవారెవరైనా అంతకుముందు బంగారు పతకం తెచ్చినది ఎప్పుడో తెలుసునా? 1965లో, లక్నోలో, సింగిల్స్ ఆడిన దినేశ్ ఖన్నా. అంటే 58 ఏళ్ళ తరువాత మళ్ళీ బంగారం! డబుల్స్‌లోనైతే మన దేశానికి అదే మొదటిది.

జూన్‌లో ఇండోనీషియా రాజధాని జకార్తాలో పెద్ద పరీక్ష వచ్చింది. ఈ పోటీలకు తరగతులున్నాయి: 300, 500, 750, 1000 అని. 1000 అన్నింటికన్నా పెద్దది. అటువంటి పోటీలో మన దేశపు డబుల్స్ జంట ఏదీ అప్పటికి గెలవలేదు. ఫైనలులో ఎదురైనవారు మలేషియా వారైన ఆరన్ చియా, సో వూయీ యిక్. 2022లో వారు ప్రపంచ విజేతలు. అంతకుముందు ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదిసార్లూ వారిదే గెలుపు. తొమ్మిదోసారి బరిలో దిగేటప్పుడు మనసు ఎలా ఉంటుంది? 'వీళ్ళ మీద మనకు గెలుపు రాసిపెట్టి లేదు' అనుకుంటే ఆట అక్కడే ముగిసేది. జూన్ 18న సాత్విక్, చిరాగ్ 21-17, 21-18తో, మూడో గేము అక్కర లేకుండానే గెలిచారు.

జూలై 23న కొరియాలోని యోసు నగరంలో ఇండోనీషియా జంట ఫజర్ అల్ఫియన్, రియాన్ అర్దియాంతోలను 17-21, 21-13, 21-14తో ఓడించారు. ఇది 500 తరగతి పోటీ.

ఆ నెలలోనే మరొక వింత కబురు వచ్చింది. ఏప్రిల్ 14న జపానులోని సోకా పట్టణంలో సాత్విక్ కొట్టిన ఒక స్మాష్‌ను యంత్రాలతో కొలిచారు. షటిల్ రాకెట్టును వదిలినప్పుడు దాని వేగం గంటకు 565 కిలోమీటర్లు! పదేళ్ళుగా నిలిచిన 493 కిలోమీటర్ల రికార్డు దీనితో చెదిరిపోయింది. గిన్నిస్ వారు దీన్ని నమోదు చేశారు. ఆ రోజే మలేషియా క్రీడాకారిణి టాన్ పెర్లీ 438 కిలోమీటర్ల వేగంతో స్త్రీల రికార్డు నెలకొల్పింది.

మీలో లెక్కలు వచ్చినవారు ఇక్కడ ఆశ్చర్యపోవాలి. గంటకు 565 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 157 మీటర్లు. బ్యాడ్మింటన్ బరి పొడవు 13.4 మీటర్లే. ఆ వేగంతోనే పోతే షటిల్ ఈ చివరి నుంచి ఆ చివరికి సెకనులో పదోవంతు కూడా పట్టకుండా చేరుతుంది. కన్ను మూసి తెరిచేలోగా! మరి ఎదుటివాడు దాన్ని ఎలా తిప్పికొడతాడు?

దీనికి జవాబు ఈకలలో ఉన్నది. షటిల్‌కు 16 ఈకలు. బాతు ఈకలో, పెద్దబాతు ఈకలో వాడతారు. మొత్తం బరువు సుమారు 5 గ్రాములు. బరువంతా బెండు దగ్గర, వెడల్పంతా ఈకల దగ్గర. అందుకే ఎలా కొట్టినా బెండే ముందుకు తిరుగుతుంది. వెనుక గొడుగులా విచ్చుకున్న ఈకలు గాలిని అడ్డగిస్తాయి. ఎంత వేగంగా పోతే గాలి అంత గట్టిగా వెనక్కు పట్టుకుంటుంది. కాబట్టి షటిల్ బాణంలా బయలుదేరి, వల దాటేసరికే చాలా వేగం పోగొట్టుకుంటుంది. ఒక షటిల్‌లో ఈకలన్నీ ఒకే పక్క రెక్కవి ఉంటాయి. వాటి వంపు ఒకే వైపు ఉండడంవల్ల షటిల్ బొంగరంలా తిరుగుతూ నిలకడగా పోతుంది.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. ఒకే కొలత గల కాగితాలు రెండు తీసుకోండి. ఒకటి ఉండగా నలపండి, రెండోది విప్పినట్లే ఉంచండి. రెండింటినీ ఒకే ఎత్తు నుంచి ఒకేసారి వదలండి. బరువు ఒకటే, కాని ఉండ ముందు పడుతుంది. విప్పిన కాగితాన్ని గాలి ఆపుతుంది. షటిల్‌లో ఈ రెండు గుణాలూ ఉన్నాయి. మన ఊళ్ళలో ఉన్ని బంతితో, జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే బాల్ బ్యాడ్మింటన్ ఆరుబయట ఆడే ఆట. ఈకల షటిల్ సముద్రపు గాలికి ఎటో కొట్టుకుపోతుంది. అందుకనే దాని పెద్ద పోటీలు నాలుగు గోడల మధ్యనే జరుగుతాయి.

మళ్ళీ పద్దుకు వద్దాం. ఆగస్టులో కోపెన్‌హాగెన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. అంతకుముందు సంవత్సరం ఇదే పోటీలో కంచు పతకం తెచ్చిన జంట ఈసారి క్వార్టర్ ఫైనలులో డెన్మార్కు వారి చేతిలో 18-21, 19-21తో ఓడిపోయింది. ఇది ఖర్చు.

తరువాత చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడలు. మొదట పురుషుల జట్టుకు వెండి వచ్చింది. ఆ తరువాత డబుల్స్ సెమీఫైనలులో ఆరన్ చియా, సో వూయీ యిక్ మళ్ళీ ఎదురయ్యారు. ఈసారి 21-17, 21-12! అక్టోబరు 7న ఫైనలులో కొరియా జంట చోయ్ సోల్‌గ్యూ, కిమ్ వోన్‌హోలను 21-18, 21-16తో గెలిచారు. ఆసియా క్రీడల చరిత్రలో బ్యాడ్మింటన్‌లో మన దేశానికి వచ్చిన మొదటి బంగారు పతకమది. మూడు రోజుల తరువాత, అక్టోబరు 10న, వారు ప్రపంచంలో మొదటి స్థానం అందుకున్నారు. మన దేశపు డబుల్స్ జంట ఏదీ అంతకుముందు అక్కడికి ఎక్కలేదు.

ఈ స్థానాలు ఎలా లెక్క కడతారంటే, గడిచిన 52 వారాలలో ఆడిన పోటీల నుంచి ఎక్కువ పాయింట్లు వచ్చిన పదింటిని తీసుకుని కూడుతారు. ఏడాది దాటిన పాయింట్లు రాలిపోతాయి. కనుక అది ఎక్కి కూర్చునే సింహాసనం కాదు, కాలు ఆడిస్తూనే ఉండవలసిన సైకిలు.

నవంబరు 26న షెన్‌జెన్‌లో చైనా మాస్టర్స్ ఫైనలు. ఎదుట ఎవరు? జనవరిలోనూ మార్చిలోనూ ఓడించిన లియాంగ్, వాంగ్! 19-21, 21-18, 19-21. మళ్ళీ వారే గెలిచారు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. దుబాయి ఫైనలులో మనవారి పాయింట్లు కూడండి: 16, 21, 21. మొత్తం 58. ఎదుటివారివి 21, 17, 19. మొత్తం 57. ఒక్క పాయింటు ఎక్కువ! షెన్‌జెన్‌లో మనవారివి 19, 21, 19. మొత్తం 59. ఎదుటివారివి 21, 18, 21. మొత్తం 60. ఒక్క పాయింటు తక్కువ! గెలుపు గేములను బట్టే గాని మొత్తం పాయింట్లను బట్టి కాదు, నిజమే. కాని 58 ఏళ్ళ తరువాత వచ్చిన బంగారానికీ, చేజారిన కప్పుకూ తేడా ఎంత సన్ననిదో చూశారా? ఏప్రిల్‌లో గెలిచిన జంట గొప్పదైతే నవంబరులో ఓడిన జంటా అంత గొప్పదే.

ఇంకొక చిన్న లెక్క. ఒక పోటీలో 32 జంటలు ఉన్నాయి. ఓడినవారు వెళ్ళిపోతారు. విజేత తేలేసరికి ఎన్ని ఆటలు జరగాలి? ప్రతి ఆటలో ఒక జంట వెళ్ళిపోతుంది. ఒక్కటి మిగలాలంటే 31 వెళ్ళాలి. కాబట్టి 31 ఆటలు. అంటే ఆ వారంలో 31 జంటలు ఓడి ఇంటికి వెళతాయి, ఒక్కటే గెలిచి వెళుతుంది. ఓడడం ఎవరికో పట్టే దురదృష్టం కాదు, ఆటలో అందరికీ వచ్చే వంతు. పెద్దలు కూడా ఈ లెక్క ఒకసారి వేసి చూస్తే మంచిది. పిల్లవాడు పోటీలో ఓడి ఇంటికి వచ్చిన సాయంకాలం 'ఎందుకు ఓడావు?' అని అడిగే ముందు ఇది గుర్తు వస్తే, వాడు మరునాడు మళ్ళీ బ్యాటు పట్టుకుంటాడు.

ఆ సంవత్సరానికి ఇద్దరికీ ఖేల్ రత్న పురస్కారం లభించింది. తరువాతి పద్దులోనూ రెండు రకాలూ ఉన్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనలులో ఆరన్ చియా, సో వూయీ యిక్ చేతిలోనే ఓడారు. 2025 ఫిబ్రవరిలో కాశీవిశ్వనాథం గారు స్వర్గస్థులైనారు. ఆ ఏడాది ఆగస్టులో అదే పారిస్ నగరంలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సాత్విక్, చిరాగ్ కంచు పతకం అందుకున్నారు.

మీకు పని ఇది: జకార్తా, యోసు, హాంగ్‌జౌ ఫైనలుల పాయింట్లు కూడి, ఏది అన్నింటికన్నా సులువైన గెలుపో మీరే తేల్చండి. పాయింట్ల తేడాతో చూస్తే ఒకటి, గేములతో చూస్తే వేరొకటి రావచ్చు. మీ జవాబుకు కారణం కూడా చెప్పాలి సుమా!