ఇల్లే లేనివాడికి రేషన్ ఎక్కడిది?

పట్టణాల్లో నిలువనీడ లేనివారి ఆశ్రయ హక్కుపై 2025 ఫిబ్రవరి 12న జరిగిన విచారణలో సుప్రీంకోర్టు ధర్మాసనం నుంచి వచ్చిన మాట మింగుడు పడటం లేదు. ఉచిత రేషన్ అందుతోంది, పని చేయకుండానే డబ్బు చేతికొస్తోంది, అందుకే జనం పనికి ఇష్టపడటం లేదు, ఇలా మనం పరాన్నజీవుల వర్గాన్ని తయారు చేయడం లేదా అని జస్టిస్ బి.ఆర్. గవాయ్ ప్రశ్నించారు. ఇది తీర్పు కాదు, విచారణ మధ్యలో అన్న మాటే. అయినా అంత ఎత్తు నుంచి జారిన మాట కార్పొరేషన్ గుమాస్తా దాకా వెళ్తుంది. రేపు రైల్వే స్టేషన్ ముందు పడుకున్నవాణ్ణి లాఠీతో పొడిచి లేపేవాడికి అదే ఆసరా అవుతుంది.

ఎన్నికల తాయిలాలు ఖజానాను పిండుతున్నాయన్న ఆందోళన సబబే. నిరాశ్రయులు నలుగురిలో కలిసి బతకాలన్న ధర్మాసనం ఉద్దేశాన్నీ తప్పుపట్టలేం. కానీ ఆ తాయిలాల నింద తెచ్చి ఫుట్‌పాత్ మీద ఉన్నవాడి నెత్తిన వేయడం ఘోరం. ఆ రేషన్ అతనికి అందదు కనుక.

ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం రావాలంటే కార్డు ఉండాలి. కార్డు కావాలంటే చిరునామా చూపాలి. కరెంటు బిల్లో, అద్దె కాగితమో తెమ్మంటారు. ఫ్లైఓవర్ కింద కాపురముండేవాడు ఏం తెస్తాడు? ఏ ఊరి కార్డుతోనైనా ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చని చెబుతారు, కానీ ముందు ఏదో ఒక ఊళ్లో కార్డంటూ ఉండాలి కదా. ఉన్నా, సిమెంటు పనిలో అరిగిపోయిన వేళ్లను వేలిముద్రల యంత్రం గుర్తుపట్టక వెనక్కి తిరిగొచ్చేవాళ్లున్నారు. విచారణలో ప్రస్తావనకు వచ్చిన మహారాష్ట్ర లాడ్కీ బహిన్ పథకం నెలకు 1,500 రూపాయలిస్తుంది. దానికీ నివాస రుజువు, బ్యాంకు ఖాతా తప్పనిసరి. పోనీ ఇల్లే ఇస్తారా అంటే, తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల 5 లక్షల సాయం తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికే. స్థలం ఉన్నవాడికి ఇల్లు, ఇల్లున్నవాడికి కార్డు, కార్డున్నవాడికి బియ్యం. వీటిలో ఏ ఒక్కటీ అందనివాడే రోడ్డున మిగిలాడు. అతన్ని పట్టుకుని ఉచిత బియ్యానికి మరిగి సోమరి అయ్యాడనడం ఏ న్యాయం?

అసలు అతను పని చేయడం లేదని ఎవరు చెప్పారు? తెల్లవారకముందే లేబర్ అడ్డా మీద నిలబడేది, మార్కెట్ యార్డులో మూటలు మోసేది, పెళ్లిళ్లలో మనం తిని లేచిన తర్వాత అర్ధరాత్రి దాకా గుండిగలు తోమేది వీళ్లే. ఈ సంగతి సుప్రీంకోర్టుకు తెలియనిది కాదు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నేతృత్వంలోని రాజ్యాంగ ధర్మాసనమే ఆ మాట రాసింది. బొంబాయి పేవ్‌మెంట్ల మీద జనం ఉంటున్నది పని దొరికే చోటికి దగ్గరగా ఉండటానికేనని, వాళ్ల ఉపాధి తీసేయడమంటే బతుకు తీసేయడమేనని చెప్పింది. గుడిసెల తొలగింపును ఆ తీర్పు ఆపలేదు, నిజమే. కానీ అక్కడున్నవాళ్లను సోమరులని మాత్రం అనలేదు. నలభై ఏళ్ల తర్వాత అదే కోర్టులో, వాళ్ల కోసమే నడుస్తున్న కేసులో, ఈ మాట వినవలసి వచ్చింది.

నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం, ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలని 2010లో ఆదేశించిందీ ఈ కోర్టే. 2011 లెక్కల ప్రకారమే హైదరాబాద్ కార్పొరేషన్ జనాభా 67 లక్షలు. ఆ లెక్కన ఉండాల్సినవాటిలో సగం కేంద్రాలు కూడా ఇక్కడ లేవు. ఉన్నచోట మంచాలు ఖాళీగా ఉంటున్నాయి, వీళ్లే రారు అని అధికారులు అంటుంటారు. మగవాళ్లకో చోటు, ఆడవాళ్లకో చోటు పెడితే పెళ్లాం బిడ్డలున్నవాడు ఎటు పోవాలి? రాత్రంతా మూటలు మోసి తెల్లారి వచ్చేవాడికి పగలు తలుపు మూసి ఉంటే ఆ మంచం ఎందుకు? గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం నిర్వాహకుడిచ్చే ధ్రువపత్రంతో ఆధార్ తీసుకోవచ్చు. అంటే చిరునామా లేనివాడి మొదటి చిరునామా ఆ మంచమే కావాలి. కార్డుకైనా, బ్యాంకు ఖాతాకైనా దారి అక్కడే మొదలవుతుంది. ఆ తలుపు తెరవనివాళ్లను నిలదీయవలసిన చోట, బయట నిలబడ్డవాణ్ణి నిలదీశారు.

పట్టణ పేదరిక నిర్మూలన మిషన్‌కు తుదిరూపు ఇస్తున్నామని, నిరాశ్రయుల వసతీ అందులో ఉంటుందని అటార్నీ జనరల్ ఆ విచారణలో చెప్పారు. కేసును ఆరు వారాలకు వాయిదా వేశారు. కోర్టు కేంద్రాన్ని, రాష్ట్రాలను ఒక్క లెక్క అడగాలి: 2011 జనగణనలో తేలిన 17.73 లక్షల మంది నిరాశ్రయుల్లో ఇప్పటికి ఎందరి చేతిలో రేషన్ కార్డు ఉంది? ఆ లెక్క వచ్చేదాకా వాళ్లను పరాన్నజీవులన్న మాటను వెనక్కి తీసుకోవాలి.